అన్నం లేని రాత్రి

మూడు షిఫ్టుల ఊళ్లో ఇంటిల్లిపాదినీ ఒకే పళ్లెం చుట్టూ కూర్చోబెట్టాలంటే నాచోస్ పనికొస్తాయి. కాకపోతే వాటిని సినిమాహాల్లోలా చేయకూడదు

అగ్రికోలో రాత్రి భోజనానికి మూడు వేళలు. మర్నాడు 'ఎ' షిఫ్టు ఉన్నవాళ్లు తెల్లవారి ఆరింటికి పనిలో ఉండాలి కాబట్టి ఎనిమిదింటికల్లా తినేసి పడుకుంటారు. 'సి' షిఫ్టు వాళ్లు తొమ్మిదింటికి తిని బయల్దేరతారు. 'బి' షిఫ్టు వాళ్లు పదింటికి పని ముగించి, ఇల్లు చేరి, కాళ్లు కడుక్కుని కంచం ముందు కూర్చునేసరికి పదిన్నర దాటుతుంది. తండ్రిది ఒక షిఫ్టు, కొడుకుది ఇంకో షిఫ్టు అయితే ఇక ఆ ఇంటి వంటగదిలో దీపం పదకొండు దాకా ఆరదు. అన్నం హాట్‌కేస్‌లో ఉంటుంది. పప్పు గిన్నె మీద ఒక మూత, కూర గిన్నె మీద ఇంకో మూత. ఎవరికి వీలైనప్పుడు వాళ్లు వడ్డించుకుని తింటారు.

జంషెడ్‌పూర్‌కు ఇది కొత్త కాదు. టాటా ఉక్కు కర్మాగారం 1912లోనే ఎనిమిది గంటల పనిదినాన్ని అమల్లోకి తెచ్చింది. వారానికి 48 గంటలకు మించి పని చేయించకూడదన్న పరిమితి దేశంలో చట్టమైంది 1940లలో. రోజును మూడు ముక్కలు చేసిన ఆ ఏర్పాటు కార్మికుడికి విశ్రాంతినిచ్చింది. కుటుంబానికి మాత్రం అందరూ కలిసి తినే పూట ఏదో వెతుక్కునే పని మిగిల్చింది.

అగ్రికో అన్న పేరే పనిముట్లది. టాటా అగ్రికో ముద్రతో పారలు, పికాసులు, గునపాలు దేశమంతటా తిరిగాయి. ఆ పేరుతో ఉన్న కాలనీలోనూ, ఊళ్లోని ఇతర పేటల్లోనూ శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల నుంచి ఉక్కు పనికోసం, రైలు పనికోసం వచ్చిన కుటుంబాలు తరాలుగా ఉన్నాయి. బిష్టుపూర్‌లో ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం వాళ్లదే. మూడో తరం పిల్లలకు బడిలో ఇంగ్లీషు, వీధిలో హిందీ, తెలుగు మాత్రం ఇంట్లో. అందులోనూ ఎక్కువగా తిండి దగ్గరే. 'ఇంకొంచెం వేసుకో', 'మజ్జిగ పోయనా', 'కారం ఎక్కువైందా' అన్న మాటలకు హిందీ అక్కర్లేదు. అందుకే అందరూ వేర్వేరు వేళల్లో తినే ఇంట్లో మూతల కింద చల్లారేది కూర ఒక్కటే కాదు.

ఇలాంటి ఇళ్లలోకి నాచోస్ వచ్చింది పిల్లల వెంట. మల్టీప్లెక్స్ కౌంటర్లో కాగితపు ట్రే, అందులో ముక్కోణపు చిప్స్, పక్కన చిన్న గిన్నెలో పసుప్పచ్చని ద్రవం. తర్వాత కిరాణా కొట్లో ప్యాకెట్టు. పిల్లలకు అదే రాత్రి భోజనం కావాలి. పెద్దవాళ్ల లెక్కలో అది టిఫిను కూడా కాదు. ఆరు ఇడ్లీలు తిన్నవాణ్ని కూడా 'ఏం తిన్నావురా?' అని అడిగితే 'ఏమీ తినలేదు, టిఫిను చేశానంతే' అనే జాతి మనది. అన్నం మెతుకు పడనిదే భోజనం కాదన్న ఆ పట్టుదల ముందు మొక్కజొన్న చిప్స్ ఏపాటి? పెద్దల అభ్యంతరంలో న్యాయమూ ఉంది. సినిమాహాల్లో అమ్మే నాచోస్ నిజంగానే భోజనం కావు. వంద గ్రాముల చిప్స్‌లో 500 కెలోరీల దాకా ఉంటాయి. ప్రొటీన్ నామమాత్రం. పైన పోసే సాస్‌లో ఉప్పు బోలెడు. తిన్న గంటకే మళ్లీ ఆకలి.

కానీ ఆ వంటకం పుట్టింది సినిమాహాల్లో కాదు. మెక్సికోలో, అమెరికా సరిహద్దున, పియెద్రాస్ నెగ్రాస్ అనే ఊళ్లో. నది దాటితే టెక్సస్ రాష్ట్రపు ఈగిల్ పాస్. 1940ల మొదట్లో అక్కడి విక్టరీ క్లబ్‌లో ఇగ్నాసియో అనాయా అతిథుల్ని చూసుకునే ఉద్యోగి. ఓ రోజు నది అవతలి నుంచి కొందరు అమెరికన్ మహిళలు వచ్చారు. వంటవాడు కనిపించలేదు. అనాయా తానే వంటింట్లోకి వెళ్లి మొక్కజొన్న రొట్టెల్ని, అంటే టోర్టియాలను, ముక్కోణాలుగా కోసి, వేయించి, వాటిపై చీజ్ తురిమి, వేడి చేసి, ఊరగాయ వేసిన హలపేన్యో మిరపకాయ ముక్కలు పెట్టి పంపాడు. ఇగ్నాసియో అన్న పేరుకు మెక్సికోలో ముద్దుపేరు నాచో. వంటకానికి అదే పేరు నిలిచింది. ఆయన 1975లో చనిపోయాడు. మరుసటి ఏడాదే, 1976లో, ఫ్రాంక్ లిబర్టో అనే వ్యాపారి టెక్సస్‌లోని ఆర్లింగ్టన్ స్టేడియంలో నాచోస్ అమ్మకం మొదలుపెట్టాడు. బేస్‌బాల్ చూడ్డానికి వచ్చిన వేలమందికి ఒక్కొక్క ప్లేటు పొయ్యి మీద వేడిచేసి ఇవ్వడం కుదరదు కాబట్టి గట్టిపడని చీజ్ సాస్ తయారు చేయించాడు. చిప్స్ మీద పోస్తే చాలు, గిరాకీ కదిలిపోతాడు. ఇవాళ మన థియేటర్లలో కనిపించేది ఆ స్టేడియం సరుకు వంశమే.

ఈ రెండింటి మధ్య తేడాలోనే ఇంటి వంటకు కావలసిన కీలకం ఉంది. అనాయా ప్లేటు ఆగదు. కరిగిన చీజ్ పది నిమిషాల్లో బిగుసుకుంటుంది, పావుగంటలో చిప్స్ మెత్తబడతాయి. స్టేడియం వాళ్లకు అది లోపం. అగ్రికో లాంటి చోట అది సుగుణం. మూత పెట్టి ఉంచడానికి వీల్లేని వంట ఒకటి ఇంట్లో ఉంటే, అది దిగే వేళకు అందరూ వచ్చి కూర్చోవాలి, తప్పదు. వారంలో ఏ రోజు అందరి షిఫ్టులూ కలుస్తాయో చూసి ఆ రాత్రికి దీన్ని పెట్టుకోవడం తెలివైన పని.

ఇక దాన్ని భోజనం చేయడం ఎలాగన్నది. మొక్కజొన్న ఒంటరిగా మనిషిని పోషించలేదు. దాని ప్రొటీన్‌లో లైసిన్, ట్రిప్టోఫాన్ అనే రెండు అమైనో ఆమ్లాలు తక్కువ. నయాసిన్ అనే విటమిన్ ఉన్నా అది ఒంటికి పట్టని రూపంలో ఉంటుంది. మెక్సికో వాళ్లు వేల ఏళ్ల కిందటే దీనికి విరుగుడు కనిపెట్టారు. గింజల్ని సున్నపు నీళ్లలో ఉడికించి, నానబెట్టి, కడిగి రుబ్బుతారు. తమలపాకుకు రాసే సున్నమే. దానివల్ల నయాసిన్ విడుదలవుతుంది, పిండికి జిగురు వస్తుంది. మొక్కజొన్నను తీసుకెళ్లి ఈ పద్ధతిని అక్కడే వదిలేసిన యూరప్, అమెరికా పేదలకు పెలగ్రా పట్టుకుంది. చర్మం పగుళ్లు, విరేచనాలు, మతి చలించడం దాని లక్షణాలు. మనకూ ఆ రోగం పరిచయమే. దక్కన్‌లో జొన్నలే ఆధారంగా బతికినవాళ్లలో అది ఎందుకొస్తోందన్న ప్రశ్న మీద హైదరాబాద్ పోషకాహార పరిశోధన కేంద్రానికి చెందిన సి. గోపాలన్, శ్రీకాంతియా 1960లో లాన్సెట్ పత్రికలో రాశారు. జొన్నలోని లూసిన్ అనే అమైనో ఆమ్లం మోతాదు మించడమే కారణం కావచ్చన్నది వారి వాదన. వారానికోసారి నాచోస్ తినేవాళ్లకు పెలగ్రా భయమేమీ అక్కర్లేదు. కాకపోతే మొక్కజొన్న పక్కన చిక్కుడు జాతి గింజ ఉండాలన్న మెక్సికో ఇంటి నియమానికీ, అన్నం పక్కన పప్పు ఉండాలన్న మన నియమానికీ మూలం ఒకటే. గింజ ధాన్యంలో లేనిది పప్పులో ఉంటుంది.

కాబట్టి చిప్స్ మీద ముందుగా పడాల్సింది రాజ్మా. అగ్రికోలో అయితే దానికి బదులు ఘుగ్ని చేసుకున్నా తప్పులేదు. నల్ల శనగలతోనో, ఎండు బఠాణీతోనో ఉల్లిపాయ, అల్లం, జీలకర్ర వేసి చేసే ఈ కూర ఝార్ఖండ్ వీధుల్లో అటుకులతోనూ, ధుస్కాతోనూ ఎలాగూ తింటారు. 'అసలైన' మెక్సికో రుచి పోతుందని బాధపడేవాళ్లు అనాయా కథను ఇంకోసారి గుర్తు చేసుకోవాలి. చేతికి అందినదానితో పని కానిచ్చిన మనిషి ఆయన. పైగా మన వంటింట్లోని మొక్కజొన్న, మిరపకాయ, టమాటా, రాజ్మా నాలుగూ అమెరికా ఖండాల నుంచి వచ్చినవే. మిరపకాయ లేని ఆవకాయను ఊహించలేని మనం వాటిని పరాయివిగా ఎప్పుడు చూశాం గనక?

నలుగురికి 200 గ్రాముల రాజ్మా చాలు. రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లతో కుక్కర్లో ఆరు కూతలు రానివ్వాలి. సరిగా ఉడకని రాజ్మాలో ఉండే లెక్టిన్ అనే పదార్థం వాంతులు, విరేచనాలు తెప్పిస్తుంది. సన్నని సెగ మీద గంటలకొద్దీ మగ్గబెట్టినా అది పోదు, బాగా మరగాల్సిందే. గింజ వేళ్ల మధ్య నలిగిపోవాలి. బాణలిలో రెండు చెంచాల నూనె, తరిగిన ఉల్లిపాయ, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, చెంచాడు జీలకర్ర పొడి, చెంచాడు కారం వేసి వేగాక రాజ్మా పోసి, సగం గింజల్ని గరిటెతో మెదపాలి. నీరు పూర్తిగా ఇగరాలి. ఇక్కడే చాలామంది తొందరపడతారు. గరిటె జార్చితే ముద్దగా పడాలి, పప్పుచారులా జారకూడదు. తడి మిగిలితే అది చిప్స్‌కు పట్టేది క్షణాల్లోనే. ఉప్పు చిటికెడు వేస్తే చాలు, చీజ్‌లో ఎలాగూ ఉంది. ఇంట్లో రక్తపోటు ఉన్నవాళ్లుంటే అదీ మానేయవచ్చు. మాంసాహారులు ఇందులోనే పావుకిలో కోడి కీమా వేయించి కలుపుకోవచ్చు.

ప్యాకెట్టు చిప్స్ కొంటే మసాలా పూసినవి వద్దు. ఉప్పు మాత్రమే ఉన్నవి, కాస్త మందంగా ఉన్నవి చూసి తీసుకోవాలి. పల్చటివి రాజ్మా బరువుకే విరిగిపోతాయి. ఇంట్లో చేసుకుంటే ఇంకా మంచిది. అయితే కొట్లో 'కార్న్‌ఫ్లోర్' అని అడిగితే చేతికొచ్చేది సూప్ చిక్కబరిచే తెల్లటి గంజిపొడి. దాంతో చిప్స్ రావు. కావలసింది మకై కా ఆటా, అంటే పచ్చగా కాస్త గరుకుగా ఉండే మొక్కజొన్న పిండి. పంజాబీలు రొట్టెకు వాడేది, ఝార్ఖండ్ పల్లెల్లోనూ దొరికేది. సున్నపు నీళ్లలో ఉడకని పిండి కాబట్టి దీనికి జిగురుండదు. రెండు కప్పులకు ఒక కప్పు గోధుమపిండి కలిపి, ఉప్పు, రెండు చెంచాల కాచిన నూనె వేసి, వేణ్నీళ్లతో పూరీ పిండికన్నా గట్టిగా కలిపి అరగంట మూతపెట్టాలి. చపాతీలా పల్చగా ఒత్తి, ఫోర్కుతో గుచ్చి, ముక్కోణాలుగా కోసి, మధ్యస్థమైన సెగ మీద నూనెలో వేయించాలి. గుచ్చకపోతే పూరీల్లా పొంగుతాయి. పొంగినదాంట్లో రాజ్మా నిలవదు. చెక్కలు చేయడం వచ్చిన చేతికి ఇది కొత్త విద్య కాదు. నూనెలో బుడగలు తగ్గగానే తీసేయడం, పూర్తిగా చల్లారాకే డబ్బాలో పోయడం, అంతా అదే. ఆదివారం చేసి పెట్టుకుంటే వారం నిలుస్తాయి.

టమాటా సాల్సాకు జంషెడ్‌పూర్‌లో వేరే గురువు అక్కర్లేదు. లిట్టితో పాటు ఇచ్చే టమాటా చోఖా ఏ ముక్కు మూసుకుని చేసినా సాల్సాకు అన్నదమ్ముడే. నాలుగు టమాటాలు, రెండు పచ్చిమిరపకాయలు, నాలుగు వెల్లుల్లి రెబ్బల్ని మంట మీద నల్లబడేదాకా కాల్చి, తోలు తీసి, చేత్తో చిదిమి, పచ్చి ఉల్లి ముక్కలు, కొత్తిమీర, నిమ్మరసం కలపడమే. చోఖాలో పోసే ఆవనూనె ఒక్కటి మానితే చాలు. దాన్ని జల్లెడలో పది నిమిషాలు ఉంచి నీరు ఓడ్చాలి. ఆ నీరు పారబోయక్కర్లేదు, చారులో కలిపేయవచ్చు. సీసాలో హలపేన్యోలు ఖరీదు. మన పచ్చిమిరపకాయలే చక్రాలుగా తరిగి, సగం వెనిగర్ సగం నీళ్లు మరిగించి, ఉప్పు, చిటికెడు పంచదార వేసి వాటి మీద పోస్తే గంటలో ఊరతాయి. పుల్లటి క్రీముకు బదులు గుడ్డలో వేలాడగట్టిన పెరుగు.

చీజ్ దగ్గర బడాయి వద్దు. మామూలు ప్రాసెస్డ్ చీజ్ బాగా కరుగుతుంది, నూనె విడవదు. అందులో కలిపే ఉప్పుల పనే అది. మొజరెల్లా సాగుతుంది కానీ రుచి తక్కువ, చల్లారితే రబ్బరు. రెండూ సగం సగం, మొత్తం 200 గ్రాములు వేసుకుంటే మేలు. మొత్తం ఖర్చులో పెద్ద వాటా దీనిదే కాబట్టి దీన్ని ఎక్కడ వేయాలో తెలిసి వేయాలి. అందరూ చేసేది చిప్స్ గుట్టపోసి, పైన రాజ్మా, దానిపైన చీజ్ కుమ్మరించడం. పైవరస తడిసి ముద్దవుతుంది, అడుగున ఉన్నవి ఒట్టివిగా మిగులుతాయి. ఆ అడుగువి ఎవరి వంతుకు వస్తాయో ప్రతి ఇంటికీ తెలుసు. వెడల్పాటి ట్రేలో చిప్స్ ఒకే వరసగా, అంచులు ఒకదాని మీద ఒకటి వాలేలా పరవాలి. వాటి మీద నేరుగా సగం చీజ్ చల్లాలి. కరిగిన చీజ్ చిప్స్‌కు పూతలా పట్టి తడిని ఆపుతుంది. ఆ తర్వాత రాజ్మా చెంచాలతో అక్కడక్కడ పెట్టి, మిగతా చీజ్ పైన వేయాలి. వేడి చేయాల్సింది ఇంతవరకే. టమాటా, పెరుగు, ఉల్లి, కొత్తిమీర, ఊరిన మిరప దించాకే.

ఓవెన్ ఉంటే 200 డిగ్రీల్లో ఆరేడు నిమిషాలు. లేకపోతే వెడల్పాటి మందపు పెనం మీద పళ్లేన్ని కాక, చిప్స్‌నే నేరుగా పరిచి, పైన మూతపెట్టి, సన్నని సెగ మీద నాలుగైదు నిమిషాలు ఉంచితే చీజ్ కరుగుతుంది. అడుగు కాస్త ఎర్రబడుతుంది, అదీ బాగానే ఉంటుంది. మూతకు పట్టిన ఆవిరి చుక్కలు చిప్స్ మీద పడకుండా మూత లోపల ఓ పొడిగుడ్డ కట్టాలి. కట్టిన చెంగులు మంటవైపు వేలాడకూడదు. మైక్రోవేవ్‌ను దీనికి దూరంగా ఉంచడం మంచిది. చిప్స్ మెత్తబడడం అక్కడ మొదలైతే ఆగదు.

ఈ లెక్కన 250 గ్రాముల చిప్స్, 200 గ్రాముల రాజ్మా, 200 గ్రాముల చీజ్ నలుగురు పంచుకుంటే మనిషికి 650 కెలోరీల దాకా, ప్రొటీన్ పాతిక గ్రాముల దాకా వస్తాయి. పనిచేసే మగమనిషికి రోజుకు 54 గ్రాముల ప్రొటీన్ కావాలని భారత వైద్య పరిశోధన మండలి 2020లో లెక్కకట్టింది. అంటే ఒక పూటలో దాదాపు సగం. ఇది టిఫిను కాదని పెద్దలకు చెప్పడానికి ఈ అంకె సరిపోవాలి. సరిపోకపోతే కీరా, క్యాబేజీ సన్నగా తరిగి పక్కన పెట్టి, చివర్లో మజ్జిగ గ్లాసు ఇస్తే సరిపోతుంది. మజ్జిగతో ముగిసినదాన్ని భోజనం కాదనడం ఏ తెలుగువాడికైనా కష్టం.

అసలు గొడవ ఎంగిలిది. ఒకే పళ్లెంలో నలుగురు చేతులు పెట్టడం చాలా ఇళ్లలో ఇప్పటికీ కుదరని పని. పిల్లలు సగం కొరికిన ముక్కను మళ్లీ పెరుగులో ముంచితే నానమ్మ లేచిపోతుంది. దానికి పరిష్కారం తేలిక. ట్రే అందరికీ మధ్యలో ఉంటుంది. ఎవరి పళ్లెం వాళ్లది, తీసుకోవడానికి పొడుగు చెంచా, పెరుగు, సాల్సా విడివిడి గిన్నెల్లో. అవతలివాళ్ల చెయ్యి ఎటు వెళ్తోందో చూసుకుంటూ, మంచి ముక్క ఎవరికి పోతోందో కనిపెడుతూ తినడం ఎలాగూ ఉంటుంది. హాట్‌కేస్ భోజనంలో లేనిది అదే.

అందరి షిఫ్టులూ కలవని వారం ఉండనే ఉంటుంది. అప్పుడు ఒకే పెద్ద ట్రే చేయడం తప్పు. రాజ్మా, సాల్సా, పెరుగు, చీజ్ తురుము వేర్వేరు డబ్బాల్లో ఫ్రిజ్‌లో పెట్టుకుని, ఎనిమిదింటికి సగం, పదిన్నరకు సగం చేయాలి. రెండోసారి పెనం మీద పెట్టడానికి ఐదు నిమిషాలు చాలు. అలసి వచ్చిన మనిషికి మూత తీసిన చల్లటి కూరకన్నా అప్పుడే దిగిన పెనం నయం. పక్కన ఎవరైనా కూర్చుని రెండు చిప్స్ తినకుండానూ ఉండరు.

పళ్లు లేని పెద్దల సంగతి మెక్సికో వాళ్లే చూసిపెట్టారు. వేయించిన టోర్టియా ముక్కల్ని వేడి సాల్సాలో నానబెట్టి, పైన క్రీము, చీజ్ వేసి తినే వంటకాన్ని అక్కడ చిలాకిలెస్ అంటారు, ఉదయం పూట తింటారు. మన పెరుగు వడ మాదిరే. నానమ్మ వాటాకు గుప్పెడు చిప్స్‌ని కాచిన సాల్సాలో రెండు నిమిషాలు మగ్గనిచ్చి, పైన పెరుగు పోస్తే ఆవిడ నమలక్కర్లేదు. అడుగున విరిగిన ముక్కలన్నీ ఇందుకే పనికొస్తాయి. మిగిలిన రాజ్మా ముద్దను మర్నాడు చపాతీలో చుట్టి 'ఎ' షిఫ్టు డబ్బాలో పెట్టేయవచ్చు.